అక్షరదోషాల వెనుక గొంతు: స్లేడ్ పాటల సంకలనం

ఇరవై ఏళ్లుగా ఎర్రసిరాతో పిల్లల అక్షరదోషాలు దిద్దుతున్నవాణ్ణి నేను. అటువంటివాడి చేతికి శీర్షికల్లోనే అక్షరదోషాలున్న పాటల సంకలనం వస్తే చెయ్యి ముందు కలం మీదికే పోతుంది. 2020లో వెలువడిన స్లేడ్ బృందం ఉత్తమగీతాల సంకలనం, రెండు సీడీలూ విన్నాక, ఆ కలం పక్కన పెట్టాను. ఎందుకు పెట్టానో, మళ్లీ ఎక్కడ తీయవలసి వచ్చిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బొగ్గుగనులు, ఇనుప కొలుముల పొగతో ‘బ్లాక్ కంట్రీ’ అని పేరుపడ్డ ఇంగ్లండు ప్రాంతం ఈ బృందానికి పుట్టిల్లు. గాయకుడు నాడ్డీ హోల్డర్ కిటికీలు తుడిచే కార్మికుడి కొడుకు. తక్కిన ముగ్గురు జిమ్ లీ, డేవ్ హిల్, డాన్ పవెల్. 1971–73 మధ్య వీరి పాటలు ఆరు బ్రిటన్‌లో ప్రథమస్థానం పొందాయి. తళుకుబట్టలు, ఎత్తుమడమల బూట్ల ఆర్భాటాన్ని ‘గ్లామ్ రాక్’ అన్నారు. అదే ధోరణిలో డేవిడ్ బోవీ కొత్త కొత్త పాత్రలు కల్పించుకున్నాడు. స్లేడ్ మాత్రం అదే తళుకు తొడుక్కుని, సభంతా గొంతు కలపగల కేక పెట్టింది.

ఇక శీర్షికలు. ప్రథమస్థానం పొందిన తొలి పాటలోనే ‘బికాజ్’ కాస్తా ‘కాజ్’ అయింది. ‘లవ్’ నాలుగక్షరాల నుంచి మూడక్షరాలకు దిగింది. పిల్లల చదువు చెడుతుందని ఆనాడు అక్కడి ఉపాధ్యాయులు ఆక్షేపించారు. నోటిమాటకు రాతలో చోటివ్వమన్నందుకు మన గిడుగు రామమూర్తి పంతులు కూడా నిందలు పడ్డవాడే. అయితే రెంటినీ ఒకే గాటన కట్టరాదు. గిడుగు కోరింది చదువు అందరిదీ కావాలని. స్లేడ్ రాత మొదట తమ ప్రాంతపు ఉచ్చారణ. అమ్మకాలు పెరిగాక అదే వ్యాపారముద్ర. యాభై ఏళ్ల తర్వాత ఈ సంకలనం పేరులో కూడా ‘హిట్స్’ను కావాలనే తప్పు రాశారు. ఎర్రకలం మళ్లీ తీసింది ఇక్కడే. యాస బతుకులోంచి వస్తుంది. ముద్ర అంగడిలో తయారవుతుంది.

ఈ సంకలనంతో నా అసలు పేచీ మరొకటి. విజయం పొందినవాటిని ఏరి పక్కపక్కన పేర్చితే చరిత్ర జారిపోతుంది. వీరి క్రిస్మస్ పాటనే తీసుకోండి. 1973 వేసవిలో న్యూయార్కు ఎండల్లో రికార్డు చేశారు. అది ప్రథమస్థానంలో ఉన్న డిసెంబరులోనే, గనికార్మికుల ఆందోళన, ఇంధనం కొరతల నడుమ, బ్రిటిష్ ప్రభుత్వం పరిశ్రమలకు వారానికి మూడురోజుల పని ప్రకటించింది. చీకటి ఇళ్లలో ఆ పాట జనానికి కలిసి పాడుకునే సందర్భమిచ్చింది. దాన్ని మత్తుమందని కొట్టిపారేసే విమర్శకులతో నేను ఏకీభవించను. అలసినవాడి ఉల్లాసాన్ని ఈసడించడం అభ్యుదయం కాదు. అలాగని పాటలో లేని పోరాటాన్ని అంటగట్టడమూ విమర్శ కాదు.

1975లో విడుదలైన ఒక చిత్రంలో ఈ నలుగురూ నటించారు. ఒక బృందాన్ని సరుకుగా కొని, అమ్మి, చివరకు విరిచేసే వ్యాపారం దాని వస్తువు. నవ్వులు ఆశించి వెళ్లిన అభిమానులకు అది చేదుగా తోచింది. అందులోని పాట ఒకటి పదిహేనో స్థానం దగ్గరే ఆగిపోయింది. నా దృష్టిలో వీరి పాటలన్నింటిలోకీ ఉత్తమమైనది అదే. సంకలనంలో అది ఉంది. దానికి అర్థమిచ్చిన కథ లేదు. కనుక సంకలనం విన్న విద్యార్థులు ఆ చిత్రమూ చూడాలి. కవితాసంకలనాలు కూర్చే మనవాళ్లకు కూడా ఇందులో హెచ్చరిక ఉంది. చప్పట్లు పడ్డవే ఏరితే కవి మిగలడు.

ఈ వ్యాసం రాస్తున్న రోజుల్లోనే ఒక పిల్లవాడి రాతలో ఇంటిమాట కనబడితే అలవాటుగా కొట్టేశాను. ఎందుకు రాశావని మర్నాడు అడిగితే, “మా అమ్మ అట్లనే అంటది సార్” అన్నాడు. అది ముద్ర కాదు, యాస. దిద్దవలసింది నా దిద్దుబాటునే.