వాడని కంప్యూటర్ల దానం: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

విమర్శ అనగానే మీకు కావ్యాలు, నవలలు, నాటకాలు గుర్తుకు రావచ్చు. కానీ ఒక ప్రకటననూ, ఒక పిలుపునూ, చివరికి అంకెల పట్టికనూ కూడా విమర్శకుడు చదవవచ్చు. అందులో ఏ మాట వాడారు, ఏ మాట వదిలేశారు, చదివేవారిని ఏ స్థానంలో నిలబెట్టారు అని అడగవచ్చు. ఈ పాఠ్యభాగంలో మనం అలాంటి ఒక పిలుపును తీసుకుందాం.

అమెరికాలో ఇంటి దగ్గర బీరు తయారుచేసుకోవడం చాలామందికి అభిరుచి. ఇలాంటి అభిరుచి బృందాలు తమ అభిరుచికి సంబంధం లేని మరో పని కూడా చేస్తుంటాయి. సభ్యులు తమ కంప్యూటర్లు ఖాళీగా ఉన్న సమయాన్ని వైద్య పరిశోధనకు ఇస్తారు. చేరమని తోటివారిని పిలిచేటప్పుడు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. మొదటిది: మీ కంప్యూటర్‌లో వాడకుండా పోతున్న శక్తి ఉంది, దాన్ని పరిశోధనకు ఇవ్వండి. రెండవది: మన బృందాన్ని పట్టికలో పైకి తీసుకువెళదాం. మొదటిది దానం మాట, రెండవది పందెం మాట. ఈ రెండూ ఒకే పిలుపులో ఎలా ఇమిడాయి? ఇచ్చేవారికి ఇందులో నిజంగా దక్కేదేమిటి? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడమే మన పని.

2. నేపథ్యం

సొంత కంప్యూటర్లను ఇలా పరిశోధనకు ఇవ్వడాన్ని స్వచ్ఛంద గణన అంటారు. పెద్ద లెక్కను చిన్న చిన్న ముక్కలు చేసి, ఇంటర్నెట్ ద్వారా వేలాది ఇళ్లకు పంపుతారు. ఒక్కొక్క కంప్యూటర్ తనకు వచ్చిన ముక్కను పూర్తిచేసి, ఫలితాన్ని తిరిగి పంపుతుంది.

1996లో మొదలైన గింప్స్ అనే ప్రాజెక్టు ఈ పద్ధతిలో మెర్సెన్ ప్రధాన సంఖ్యలను వెతికింది. సామాన్యులకు ఈ పద్ధతిని పరిచయం చేసింది మాత్రం సెటి ఎట్ హోమ్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణం దీన్ని 1999 మే 17న ప్రారంభించింది. పోర్టోరికోలోని అరెసిబో రేడియో టెలిస్కోపుకు అందిన సంకేతాలలో భూమికి ఆవల ఉన్న బుద్ధిజీవుల జాడ ఉందేమోనని వెతకడం దీని లక్ష్యం. అది నడిచిన కాలంలో 50 లక్షలకు పైగా ప్రజలు అందులో చేరారు.

2000 అక్టోబరులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో విజయ్ పాండే బృందం ఫోల్డింగ్ ఎట్ హోమ్‌ను ప్రారంభించింది. మన శరీరంలోని ప్రోటీన్లు అమైనో ఆమ్లాల గొలుసులు. ఆ గొలుసు ఒక నిర్దిష్ట ఆకారంలో ముడుచుకుంటేనే ప్రోటీన్ తన పని చేయగలదు. ఆ ముడుచుకునే తీరును కంప్యూటర్‌లో అనుకరించడం చాలా పెద్ద లెక్క. అనుకరణలో ఒక్కొక్క అడుగు సుమారు 2 ఫెమ్టోసెకన్లు. ఫెమ్టోసెకను అంటే సెకనులో పది కోట్ల కోట్ల వంతు. ఒక మిల్లీసెకను పాటు జరిగే కదలికను చూడాలంటే సుమారు 50,000 కోట్ల అడుగులు లెక్కకట్టాలి. ఇన్ని అడుగులు ఒకే కంప్యూటర్‌తో పూర్తికావు. అందుకే వేర్వేరు స్థితుల నుంచి అనేక చిన్న అనుకరణలు మొదలుపెట్టి, వాటి ఫలితాలను గణాంక పద్ధతిలో కలుపుతారు.

3. 'వాడకుండా పోతున్న' అనే మాట

ఇప్పుడు పిలుపులోని మొదటి మాటను చూద్దాం. 'వాడకుండా పోతున్న శక్తి' అన్నప్పుడు మనకు తోచేదేమిటి? కుళాయి నుంచి వృథాగా కారే నీరు. ఎలాగూ పోయేదాన్ని ఇవ్వడంలో నష్టం లేదనిపిస్తుంది. కంప్యూటర్ విషయంలో ఈ పోలిక కుదరదు. పని లేకుండా ఉన్న కంప్యూటర్ తక్కువ విద్యుత్తు తీసుకుంటుంది. లెక్క అప్పగించగానే ప్రాసెసర్ వేడెక్కుతుంది, ఫ్యాన్ వేగం పెరుగుతుంది, మీటరు కూడా వేగంగా తిరుగుతుంది.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఈ పని వల్ల కంప్యూటర్ అదనంగా 100 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజంతా నడిస్తే 2.4 యూనిట్లు, 30 రోజులకు 72 యూనిట్లు. ఒక చిన్న కుటుంబపు నెల వాడకంలో ఇది తక్కువ భాగం కాదు. చలిదేశాలలో కొందరు శీతాకాలంలో మాత్రమే కంప్యూటర్‌ను ఈ పనికి పెట్టి, ఆ వేడితో గదిని కూడా వెచ్చబరచుకుంటారు. అక్కడ ఆ వేడి ఉపయోగపడుతుంది. విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో అదే వేడిని గదిలోంచి బయటికి పంపడానికి మళ్లీ విద్యుత్తు కావాలి.

అందుచేత ఇక్కడ ఇస్తున్నది ఎలాగూ పోయే శక్తి కాదు, డబ్బుపెట్టి కొన్న శక్తి. దీనివల్ల దానం విలువ తగ్గదు, నిజానికి పెరుగుతుంది. విమర్శ ఎక్కడంటే, ఖర్చును దాచే మాట దాతకు తన దానం ఎంతో తెలియకుండా చేస్తుంది. తెలిసి ఇచ్చిన 72 యూనిట్లు దానం. తెలియక పోయిన 72 యూనిట్లు బిల్లు.

4. పట్టిక ఏమి చెబుతుంది?

రెండవ మాట పందెం. ఫోల్డింగ్ ఎట్ హోమ్‌లో పూర్తిచేసిన ప్రతి పని ముక్కకూ పాయింట్లు వస్తాయి. ఎవరైనా ఒక బృందాన్ని ఏర్పరచవచ్చు. సభ్యుల పాయింట్లన్నీ బృందం ఖాతాలో చేరతాయి.

ఈ పాయింట్ల వెనుక ఒక శాస్త్రీయ కారణం ఉంది. ఒక ముక్క ఫలితం వస్తేనే ఆ వరుసలో తరువాతి ముక్క మొదలవుతుంది. ఒకరు ఆలస్యం చేస్తే వరుస అంతా ఆగుతుంది. అందుకని త్వరగా తిరిగి ఇచ్చినవారికి అదనపు పాయింట్లు ఇస్తారు. పరిశోధన దృష్టితో ఇది న్యాయమే. అయితే దీని ప్రభావం ఎవరిపై ఎలా ఉందో గమనించండి. కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నవారి పాయింట్లు కొండలా పెరుగుతాయి. పాత కంప్యూటర్‌ను ఏళ్ల తరబడి ఓపికగా నడిపినవారు పట్టిక అడుగున మిగులుతారు. పట్టిక యంత్రం వేగాన్ని కొలుస్తుంది. మనిషి నిబద్ధతను కొలిచే గడి అందులో లేదు.

పందెం ప్రలోభం కూడా తెస్తుంది. సెటి ఎట్ హోమ్ తొలి సంవత్సరాలలో కొందరు ప్రోగ్రామును మార్చి, పని చేయకుండానే ఫలితాలు పంపడానికి ప్రయత్నించారు. ఈ కారణంగానూ, యంత్రాలు చేసే పొరపాట్ల కారణంగానూ ఒకే ముక్కను ఒకటికి మించిన కంప్యూటర్లకు పంపి, ఫలితాలను పోల్చిచూడవలసి వచ్చింది. అంటే ఇచ్చిన శక్తిలో కొంత భాగం ఇచ్చినవారిని సరిచూడడానికే ఖర్చయింది.

5. ఇంటి బీరుతో పోలిక

బీరు తయారుచేసేవారి బృందాన్నే ఉదాహరణగా ఎందుకు తీసుకున్నామో ఇప్పుడు చెప్పుకోవాలి. మన ప్రాంతంలో 'సారా కాయడం' అంటే బట్టీ పెట్టి కాచి వడగట్టడం. అమెరికాలో కూడా ఇంట్లో అలా సారా తీయడాన్ని కేంద్ర చట్టం నిషేధించింది. బీరు పని వేరు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీటిలో నానబెట్టి, ఆ ద్రవాన్ని హాప్స్ పువ్వులతో మరిగించి, చల్లార్చి, ఈస్టు కలిపి పులియనిస్తారు. ఇడ్లీ పిండి రాత్రంతా పులిసినట్లే, ఇక్కడా అసలు పని కంటికి కనబడని జీవులదే. మనిషి చేయవలసింది పాత్రలు శుభ్రంగా ఉంచడం, ఉష్ణోగ్రత చూడడం, రోజుల తరబడి ఎదురుచూడడం.

1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ఈ అభిరుచిని పన్ను లేకుండా అనుమతించింది. ఒక వయోజనుడు ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకు మించి వయోజనులున్న ఇల్లు 200 గ్యాలన్లు చేసుకోవచ్చు. అమ్మకూడదు. అమ్మకూడదు గనుక పంచుకోవడమే దాని సంప్రదాయం అయింది. ఇలాంటివారికి కంప్యూటర్‌ను రాత్రిపూట పనికి పెట్టి నిద్రపోవడం కొత్త కాదు. మొదలుపెట్టి, వదిలేసి, ఓపిక పట్టడం వారికి అలవాటే.

కానీ పోలిక ఒకచోట ఆగిపోతుంది. బీరు చేసినవాడు చివరికి దాన్ని రుచి చూస్తాడు. పులుపెక్కితే ఎక్కడ తప్పు జరిగిందో ఆలోచిస్తాడు. మరుసటిసారి మారుస్తాడు. కంప్యూటర్ ఇచ్చినవాడి చేతికి వచ్చేది ఒక అంకె మాత్రమే. తన యంత్రం రాత్రంతా ఏ ప్రోటీన్‌పై పనిచేసిందో ప్రోగ్రాములో చూడవచ్చు. ఆ ఫలితం బాగుందా, పనికివచ్చిందా అని తీర్పు చెప్పే అవకాశం మాత్రం అతనికి లేదు. రుచి ఉండవలసిన చోట పాయింటు ఉంది. ఈ ఏర్పాటులోని అసలు లోపం ఇదే.

6. లోపాన్ని దాటిన ప్రయత్నాలు

ఈ లోపం తప్పనిసరి కాదని కొన్ని ప్రాజెక్టులు చూపాయి. ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ 2010లో ఒక కొత్త పల్సార్‌ను కనుగొన్నట్లు ప్రకటించినప్పుడు, దాన్ని పట్టుకున్నది అయోవాలోని ఒక దంపతుల కంప్యూటర్, జర్మనీలోని మరొకరి కంప్యూటర్ అని పేర్లతో సహా చెప్పింది.

ఇంకో ఉదాహరణ మరింత ముఖ్యమైనది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బేకర్ ప్రయోగశాల నడిపిన రొసెట్టా ఎట్ హోమ్, ప్రోటీన్ ముడుచుకోవడాన్ని తెరపై బొమ్మగా చూపేది. చూస్తున్నవారిలో కొందరు, ఇంతకంటే బాగా తామే ముడవగలమని భావించారు. ఆ స్పందన నుంచి 2008లో ఫోల్డిట్ అనే ఆట వచ్చింది. ఇందులో ప్రోటీన్‌ను మడిచేది మనిషే. 2011లో ఆటగాళ్లు కోతులకు సోకే ఒక వైరస్ ఎంజైమ్ నిర్మాణాన్ని కొన్ని వారాలలో ఛేదించారు. అది శాస్త్రజ్ఞులకు ఏళ్ల తరబడి కొరుకుడుపడని సమస్య. ఆ పరిశోధన పత్రంలో రెండు ఆటగాళ్ల బృందాల పేర్లు రచయితల వరుసలో ఉన్నాయి. పట్టికలో స్థానానికీ, రచయితల వరుసలో స్థానానికీ మధ్య ఉన్న తేడాను మీరే అంచనా వేయండి.

7. తీర్పు

ఇంత విమర్శ తరువాత ఈ దానాన్ని కొట్టిపారేయాలా? అక్కర్లేదు. 2020 మార్చిలో కరోనా వైరస్‌పై పని మొదలైనప్పుడు లక్షలాది మంది ఫోల్డింగ్ ఎట్ హోమ్‌లో కొత్తగా చేరారు. దాని సామర్థ్యం ఒక ఎక్సాఫ్లాప్ దాటింది. అంటే సెకనుకు పదివేల కోట్ల కోట్ల లెక్కలు. అప్పటికి ఏ ఒక్క సూపర్ కంప్యూటరూ ఆ స్థాయికి చేరలేదు. వైరస్ మీది కొమ్ము ప్రోటీన్ ఎలా తెరుచుకుంటుందో, మందు అతుక్కోగల గుప్త స్థానాలు ఎక్కడున్నాయో ఆ లెక్కలు చూపాయి.

అదే సమయంలో మరో సంగతి బయటపడింది. దాతలు వెల్లువలా రావడంతో సర్వర్లు తట్టుకోలేకపోయాయి. చాలా కంప్యూటర్లు పని ముక్క కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్నాయి. సమస్యను ముక్కలు చేసేవారు, సర్వర్లు చూసుకునేవారు, ఫలితాలను చదివేవారు ఉంటేనే దానానికి అర్థం. వారికి జీతాలు కావాలి. అదే 2020 మార్చి 31న సెటి ఎట్ హోమ్ కొత్త పని పంపడం ఆపివేసింది. లెక్కకట్టడానికి ముందుకొచ్చినవారు లక్షల్లో ఉన్నా, పోగైన ఫలితాలను విశ్లేషించే పని ఒక చిన్న బృందంపైనే మిగిలింది.

కాబట్టి తీర్పు ఇలా చెప్పవచ్చు. బృందం మంచిది. తెలిసినవారితో కలిసి చేసే పని ఎక్కువ కాలం నిలుస్తుంది. పట్టిక ఆ పనికి ఊతం మాత్రమే, కొలబద్ద కాదు. ఇలాంటి పిలుపు మీకు ఎదురైతే నాలుగు ప్రశ్నలు వేయండి. నాకయ్యే ఖర్చెంత? నా యంత్రం చేస్తున్న పని ఏమిటి? ఫలితం అందరికీ అందుబాటులో ఉంటుందా? పాయింట్లు తీసేసినా నేను ఇది చేస్తానా? నాలుగింటికీ మనస్ఫూర్తిగా సమాధానం చెప్పగలిగితే కంప్యూటర్‌ను నిశ్చింతగా పనికి పెట్టవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'వాడకుండా పోతున్న శక్తి' అనే మాట దేనిని దాచుతుంది? మీ ఇంటి కరెంటు బిల్లు ఆధారంగా వివరించండి.
2. త్వరగా తిరిగి ఇచ్చినవారికి అదనపు పాయింట్లు ఇవ్వడం శాస్త్రీయంగా ఎందుకు అవసరమో, సామాజికంగా దాని ఫలితమేమిటో చర్చించండి.
3. మీ ఊరిలో జరిగే ఏదైనా దాన కార్యక్రమం పిలుపును తీసుకుని, అందులోని దానం మాటనూ పందెం మాటనూ వేరుచేసి ఒక పేజీ విమర్శ రాయండి.