ఇది గోడా, ఇడ్లీనా?

ఈ ఆదివారం ఒక మేకు నా పరువు తీసింది. తమ్ముడి కొత్తింట్లో ఇంకా పూత పడని వెనకగదిలో క్యాలెండర్ తగిలించబోతే, రెండో దెబ్బకే మేకు గోడలోకి దిగిపోయింది. వేలితో లాగితే వచ్చేసింది. సుత్తి జారి తగిలిన చోట నిమ్మకాయంత సొట్ట. "ఇది గోడా, ఇడ్లీనా?" అన్నాను.

బరువే బలమని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. తాడిపత్రి బండల మీద పొర్లాడి పెరిగినవాణ్ణి మరి. మామూలు కాంక్రీటు ఘనమీటరు 2400 కిలోలు తూగితే ఈ గోడ కట్టిన ఏఏసీ (గాలిగదుల కాంక్రీటు) ఇటుక 600 దగ్గరే ఆగుతుంది. సిమెంటు, సున్నం, థర్మల్ కేంద్రాల బూడిద కలిపిన పిండిలో కాస్త అల్యూమినియం పొడి వేస్తారు. హైడ్రోజన్ పుట్టి పొంగుతుంది. ఆపైన ఆవిరిలో ఉడికిస్తారు. అంటే నేనన్న ఇడ్లీ మాట తిట్టు కూడా కాదు.

మేస్త్రీ నవ్వాడు. "సొట్ట చూసినావు గానీ సామీ, గోడ అవతల పక్క చూడు." పోయి చూశాను. వెంట్రుకంత బీట కూడా లేదు.

దెబ్బ తగిలిన చోట గాలిగదులు వరసగా నలుగుతాయి. దెబ్బ జోరంతా ఆ నలగడంలోనే ఖర్చైపోతుంది. మరీ పెద్ద దెబ్బకు ఇదీ పగులుతుందనుకోండి.

గుంతకల్లువాళ్ళకు దెబ్బను మింగేసే ఈ ఉపాయం కొత్తేం కాదు. చిన్నప్పుడు నాన్న వెంట రైల్వే యార్డుకు పోతే, సైడింగు చివర పట్టాలు ఇసుకదిబ్బలో మునిగి కనిపించేవి. "బ్రేకు పడని బండిని ఇసుక పట్టుకుంటాదిరా. గోడ కడితే బండీ పోతాది, గోడా పోతాది" అనేవాడు నాన్న. న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయంలో రన్‌వే చివర ఈ ఇటుకలాంటి నురగ సిమెంటు దిమ్మెలే పరిచారు. 1999 మేలో రన్‌వే దాటిన చిన్న విమానం చక్రాలు వాటిలో కూరుకుని ఆగాయి.

బండకు విడాకులిచ్చేద్దామనే అనుకున్నాను. అంతలో గుర్తొచ్చింది: ఇసుకనైతే పారతో ఎగదోస్తే మళ్ళీ దిబ్బ. నలిగిన దిమ్మె తిరిగి పొంగదు, తీసి కొత్తది పెట్టాల్సిందే. మా తమ్ముడి కొడుకు సైకిల్ గేటు మూలకు రోజుకు నాలుగుసార్లు గుద్దుతుంది. అక్కడ మాత్రం నాపబండ నిలబెట్టమన్నాను.

క్యాలెండర్ ఇంకా బల్ల మీదే ఉంది. దానికి ప్లాస్టిక్ ప్లగ్గు, స్క్రూ కావాలట.