చిన్నమాటల పెత్తనము

ఆంగ్లము నేర్చుకొను మన బాలబాలికల చేతికి తొలుత వచ్చునది యొక పట్టిక. దానిలో ఎడమప్రక్కన "ఇన్", "ఆన్", "టు", "ఫర్", "బై" అను పొట్టిమాటలును, కుడిప్రక్కన "లో", "మీద", "కు", "కొఱకు", "చేత" అను మన మాటలును ఉండును. పిల్లవాడు దానిని ఒక్కనాటిలో వల్లించును. పిమ్మట పది సంవత్సరములు దానివలన తప్పులు వ్రాయును. నేను విమర్శింపబూనినది ఈ పట్టికను, దాని వెనుకనున్న తలపును.

ప్రతి మాటయు తన యర్థమును మూటగట్టుకొని తిరుగుచుండునని ఆ తలపు. "చెట్టు", "పరుగెత్తు" వంటి మాటల యెడ అది కొంత చెల్లును. చిన్నమాటల యెడ చెల్లదు. "లుక్" అనగా చూచుట. "లుక్ ఫర్" అనిన వెదకుట. "లుక్ ఆఫ్టర్" అనిన సంరక్షించుట. "లుక్ ఇంటు" అనిన విచారించుట. పట్టికలోని "కొఱకు" నుండి వెదకుట యెట్లు పుట్టినది?

సంస్కృతము చదివినవారికి ఈ చిక్కు క్రొత్తది కాదు. "హృ" ధాతువు ఒక్కటియే. ఉపసర్గ మారినంతనే ఆహారము, విహారము, సంహారము, పరిహారము అగుచున్నది. విడదీసిన ఉపసర్గలకు అర్థము నిర్ణయింపరాదనియు, అవి నామాఖ్యాతముల యర్థమందలి విశేషమును మాత్రము వెలిపుచ్చుననియు శాకటాయనుని మతము. వానికి నానావిధములగు అర్థములు కలవని గార్గ్యుని మతము. ఈ రెంటిని యాస్కుడు నిరుక్తమున చూపెను. మన పట్టిక మాత్రము ఇరువురిలో ఎవరికిని చెందదు. గార్గ్యుడు సైతము ఉపసర్గకు ఒకే యర్థ మనలేదు గదా!

ఒక ఆంగ్లేయుడు మన "కు"ను "టు" అని వల్లించినాడనుకొందము. "ఊరికి పోయెను" అన్నచోట గట్టెక్కును. "నాకు ఇద్దరు కొడుకులు", "పది గంటలకు రమ్ము", "రూపాయికి రెండు" అన్నచోట మునుగును. అతనిని చూచి నవ్వుదుము. మన పిల్లల అవస్థయు అదియే.

పట్టికకు బొత్తిగా లొంగనిది "ది" అను మాట. కుడిప్రక్కన వ్రాయుటకు మనకు సరియైన మాట లేదు గనుక గ్రంథకర్తలు జాబితా నిత్తురు: నదుల ముందు, సముద్రముల ముందు, పర్వతపంక్తుల ముందు. నేటికిని ఇండ్లలో కనబడు రెన్, మార్టినుల వ్యాకరణమును ఇట్టి జాబితా నిచ్చును. అది అసత్యము కాదు. ఎక్కడ అని చెప్పునే కాని ఏల అని చెప్పదు. "ది" వస్తువును వర్ణింపదు. "నేననునది ఏదియో నీవు గుర్తింపగలవు" అని వక్త శ్రోతకు చేయు సంజ్ఞ యది. "ఐ బాట్ ఎ కౌ" అనిన వినువాడు ఆ యావు నెఱుగడు. మరు వాక్యమున "ది కౌ" అనిన ఎఱుగును. ఇంటిలో "షట్ ది డోర్" అన్నచో ముందు ప్రస్తావన లేకున్నను ఏ తలుపో తెలియును. "వెంట్ టు స్కూల్" అనిన చదువుకొనుటకు పోయెను. "వెంట్ టు ది స్కూల్" అనిన ఆ భవనమునకు పోయెను, బహుశః కుమారుని జీతము కట్టుటకు!

ఇట్టి భేదము మన భాషలో లేదనరాదు. "పుస్తకము తెచ్చెను", "పుస్తకమును తెచ్చెను" అను రెంటిని చెవియొగ్గి వినుడు. రెండవదానిలో ఏ పుస్తకమో తెలిసినట్లు తోచును. ప్రాచీనాంగ్లమునను నామములకు విభక్తిప్రత్యయము లుండెను. అవి అరిగిపోగా ఆ భారము పదక్రమముపైనను చిన్నమాటలపైనను పడినది. అమెరికా పండితుడు చార్లెస్ ఫ్రీస్ 1952లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి మాటలను 154 లెక్కించి, వాక్యమున వాని స్థానమునుబట్టి 15 గుంపులు చేసెను.

ఇదంతయు పండితుల వినోదమని తలపరాదు. "హి హ్యాజ్ ఎ ఫ్యూ ఫ్రెండ్స్" అనిన స్నేహితులు కొందరు కలరని. "ఎ" జారినచో లేరన్నంత పని. యోగ్యతాపత్రమున ఒకని సుగుణములను గూర్చి వ్రాయునప్పుడు ఆ యొక్క యక్షరము జారినచో వాని జీవనమే జారవచ్చును.

పట్టికను కొంతకాలము పెట్టెలో పెట్టుడు. చిన్నకథ యొకటి తీసికొని "ఎ", "ది" లను కాగితపు ముక్కలతో కప్పి, పిల్లలచేత పూరింపించుడు. ప్రతిచోటను "ఇది చదువువానికి ముందే తెలియునా?" అని అడుగుడు. కొన్నిచోట్ల రెండును పొసగును. అప్పుడు కథలో ఏమి మారినదో చెప్పుమనుడు.