నెట్‌వర్క్ పుస్తకాల్లో వెలివాడ ఎక్కడ?

నెట్‌వర్కులు, కంప్యూటర్లు, సంక్లిష్ట వ్యవస్థల గురించి మామూలు పాఠకుల కోసం ఇంగ్లీషులో వచ్చిన పుస్తకాలను మన పరిశోధక విద్యార్థులూ బాగానే చదువుతున్నారు. మిచెల్ వాల్‌డ్రాప్ 'కాంప్లెక్సిటీ' (1992), ఆల్బర్ట్ లాస్లో బరబాషి 'లింక్డ్' (2002), డంకన్ వాట్స్ 'సిక్స్ డిగ్రీస్' (2003) చేతులు మారుతూనే ఉన్నాయి. చదివినోళ్ల అభిప్రాయాలు చాలామట్టుకు రెండు రకాలు. లెక్కలు రానివాళ్లకూ అర్థమయ్యేలా ఉన్నాయి, ప్రపంచాన్ని చూసే చూపే మారిపోయిందనేవాళ్లు కొందరు. ఒకే ముక్కను వందల పేజీలు సాగదీశారు, కథలెక్కువ సరుకు తక్కువ అనేవాళ్లు ఇంకొందరు. రెండో ఫిర్యాదులో నిజం లేకపోలేదు. కానీ మెచ్చుకున్నోళ్లు గానీ, పెదవి విరిచినోళ్లు గానీ అడగని ప్రశ్న ఒకటుంది. ఈ అల్లికలో దారాలు లేని చోట, అవి ఎందుకు లేవు?

మనోళ్లు ఎక్కువగా ఉటంకించేది 'లింక్డ్'నే కాబట్టి దాంతోనే మొదలుపెడదాం. బరబాషి, రేకా ఆల్బర్ట్ 1999లో ప్రతిపాదించిన సూత్రం దీనికి ప్రాణం. నెట్‌వర్క్‌లోకి కొత్తగా వచ్చేవాడు అప్పటికే ఎక్కువ సంబంధాలున్నవాడితోనే ముడివేసుకుంటాడు. సంతకొచ్చినోడు జనం మూగిన అంగడి దగ్గరికే పోయినట్టన్నమాట. దాంతో ఉన్నోడికే మరింత చేరుతుంది. ఎవరూ కుట్ర చేయక్కర్లేదు, శాసనం రాయక్కర్లేదు. అసమానత దానంతటదే పుట్టుకొస్తుంది. (ఈ మాట మరీ కొత్తదేం కాదు. పేరున్న శాస్త్రవేత్తకే ఇంకా పేరొస్తుందని రాబర్ట్ మెర్టన్ 1968లోనే రాశాడు. దానికి ఆధారమైన ఇంటర్వ్యూలు హారియట్ జుకర్‌మన్‌వి. ఆమె పేరు కూడా రచయితగా ఉండాల్సిందని మెర్టనే తర్వాత ఒప్పుకున్నాడు. సూత్రం ఆయన వ్యాసం మీదే రుజువైంది.)

ఇక్కడ మనం ఆగి చూడాల్సింది ఏమంటే, ఈ నమూనాలో పుట్టుకతో అందరూ సమానులే. ముందొచ్చామా వెనకొచ్చామా అనేదొక్కటే తేడా. మరి వెనకొచ్చిన గూగుల్ ముందున్నోళ్లను ఎలా దాటింది? దీనికి జవాబుగా బరబాషి ఒక్కో బిందువుకు ఒక్కో 'యోగ్యత' అంటగడతాడు. మొదట రాకడ, ఆ తర్వాత యోగ్యత. మండల్ కాలం నుంచి మనం వింటున్న మెరిట్ వాదం గణితం చొక్కా తొడుక్కుని వచ్చినట్టు లేదూ? బరబాషికి మన మెరిట్ గొడవ తెలియకపోవచ్చు, అది ఆయన తప్పు కాదు. తెలిసిన మన పాఠకులు కూడా ఆ పేజీలను ప్రకృతి ధర్మంలా చదువుకుంటూ పోవడమే ఆశ్చర్యం. పోనీ ధర్మమైనా నిలిచిందా? ఆన్నా బ్రోయిడో, ఆరన్ క్లౌసెట్ 2019లో దాదాపు వెయ్యి నెట్‌వర్కులను పరీక్షిస్తే బరబాషి చెప్పిన పంపకానికి బలమైన ఆధారం దొరికింది 4 శాతంలోనే.

ఇంకో ముచ్చట 'ఆరంగల ప్రపంచం'. ఎవరికైనా ఎవరైనా ఆరుగురి దూరంలోనే ఉన్నారన్నది ఈ పుస్తకాల వల్ల సామెతలా పాకింది. దీనికి మూలం స్టాన్లీ మిల్‌గ్రామ్ 1967లో ప్రకటించిన ఉత్తరాల ప్రయోగం. తెలిసినవాళ్ల చేతుల మీదుగా ఒక అపరిచితుడికి ఉత్తరం చేర్చాలి. 1969లో జెఫ్రీ ట్రావర్స్‌తో కలిసి ఆయన ప్రచురించిన లెక్క ప్రకారం 296 మందితో మొదలుపెడితే గమ్యం చేరినవి 64. అంతకుముందు కాన్సాస్ నుంచి చేసిన ప్రయత్నంలో 60కి మూడే చేరాయని జుడిత్ క్లైన్‌ఫెల్డ్ 2002లో పాత కాగితాలు తవ్వి బయటపెట్టింది.

అసలు మనం చదవాల్సింది మిల్‌గ్రామ్, చార్లెస్ కోర్టే 1970లో ప్రచురించిన అధ్యయనం. లాస్ ఏంజెలెస్‌లోని తెల్లవాళ్ల దగ్గర మొదలైన ఉత్తరాలు న్యూయార్కులో కొన్ని తెల్లవాళ్లకు, కొన్ని నల్లవాళ్లకు చేరాలి. తెల్లవాళ్లకు 33 శాతం చేరాయి, నల్లవాళ్లకు 13 శాతం. చేరిన ఉత్తరాల అంగలు మాత్రం రెండు వైపులా పెద్ద తేడా లేకుండా ఉన్నాయి. అంటే చేరినవాటినే లెక్కపెడితే జాతి వివక్ష కంటికే కనబడదు! అది దాగి ఉన్నది మధ్యలో ఆగిపోయిన ఉత్తరాల్లో. 'ప్రపంచం ఎంత చిన్నదో' అని మురిసిపోయే పాఠకుడు చేరిన ఉత్తరాలనే చదువుతున్నాడు.

దీన్ని ఇంతగా పట్టించుకోవడానికి కారణముంది. 'మనకు నెట్‌వర్క్ లేదు, అందుకే ఉద్యోగాలు రావట్లేదు' అనే మాట ఇప్పుడు మన పిల్లల నోట్లోంచే వస్తోంది. నెట్‌వర్క్ లేకపోవడమేంటి? ఊళ్లో ప్రతి ఇంటితోనూ వాడకు సంబంధముంది. పొలం పని, పశువుల పని, చావు డప్పు, పాకీ పని. ఏ దారంలో ఏది ప్రవహించాలో, ఏది ప్రవహించకూడదో కులం నిర్ణయిస్తుంది. చాకిరీ ఇటు నుంచి అటు పోవచ్చు. కంచం, మంచం పోకూడదు. అంబేద్కర్ 1916లోనే, కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివిన పత్రంలో, కులానికి మూలం స్వకుల వివాహమని తేల్చాడు. ఏ ముడి పడకూడదో శాసించడమే కులమన్నమాట. పడిన ముడులనే లెక్కపెట్టే శాస్త్రానికి ఈ నిషేధం ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది.

1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను నరికి చంపడానికి ముందు వారాల్లో వాళ్లను వెలివేశారు, పనుల్లోకి పిలవడం మానేశారు. నెట్‌వర్క్ భాషలో దీన్ని దారాలు తగ్గడమనే రాసుకోవాలి. తగ్గలేదు, ఊరి పెద్దకులాలు కూడబలుక్కుని తెంపాయి. 'దానంతటదే' అనే మాటకు ఇక్కడ చోటెక్కడిది?

ఇంతమాత్రాన పుస్తకాలను అవతల పారేయమని కాదు. వీటిలో వాట్స్ పుస్తకమే నయం. మిల్‌గ్రామ్ లెక్కలోని లొసుగులను దాచిపెట్టదు. లెక్కపెట్టే విద్య కూడా మనకు పనికొచ్చేదే. డి. అజిత్, హాన్ డాంకర్, రవి సక్సేనా 2012లో దేశంలోని 1000 పెద్ద కంపెనీల డైరెక్టర్లు 9,052 మంది కులాలను ఇంటిపేర్లను బట్టి లెక్కించారు. 93 శాతం అగ్రకులాలే. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. బరబాషి పద్ధతిలో చూస్తే వీళ్లు బాగా అల్లుకున్న బిందువులు. కులం పేరు రాస్తేనే అది ఎవరి అల్లికో తెలుస్తుంది. మన పరిశోధకులు ఇంకో అడుగు వేసి, కోర్టే ఉత్తరాల మాదిరిగా వాడ నుంచి బయలుదేరిన ఉద్యోగ దరఖాస్తులు, బ్యాంకు అప్పు కాగితాలు, అద్దె ఇంటి వాకబులు ఏ గడప దగ్గర ఆగిపోయాయో, ఆపింది ఎవరో ఒక్కో జిల్లాలో రాసిపెట్టొచ్చు. కంప్యూటర్ దాకా పోనక్కర్లేదు, నోటుబుక్కు చాలు.