భైరవ మనకెందుకు నచ్చాడు?

నాగ్ అశ్విన్ దర్శకత్వంలో 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ని మీలో చాలామంది చూసే ఉంటారు. గంగ ఎండిన కాశీ. పైన, ఉన్నవాళ్ళకే దక్కే కాంప్లెక్స్. అందులో చోటు కోసం భైరవ ఒక గర్భిణిని వేటాడతాడు. చేసేది నీచమైన పని. అయినా అతను తెరమీదికి వస్తే మనకు హుషారు. ఎందుకు?

ప్రభాస్ కాబట్టి అంటే విమర్శ అక్కడే ఆగిపోతుంది. గేటు దాటి లోపలికి పోవాలనే అతని ఆశ మనకూ తెలిసినదే. పైగా అతని గతం చివరిదాకా గుట్టు. ఆఖర్న కర్ణుడని తేలుస్తారు. నా పేచీ ఇక్కడే.

మీరు చిత్తూరు, తిరుపతి వైపు వారైతే భారత ఉత్సవాల్లో ‘కర్ణమోక్షం’ వీధినాటకం చూసే ఉంటారు. నిండుసభలో ద్రౌపదిని అవమానించినవాడి చావుకు, ఆ ద్రౌపదమ్మ గుడి ముందే జనం కంటతడి పెడతారు. ఆ కన్నీటిని వేషగాడు తెల్లవార్లూ పాడి సంపాదించుకుంటాడు. భైరవకు పేరొక్కటే సరిపోయింది.

రంగస్థలిలో కర్ణుణ్ణి కులమడిగి ఆపారు. కాంప్లెక్స్ దగ్గర భైరవను యూనిట్లు అడిగి ఆపుతారు. అసలు చుట్టరికం ఇదే. సినిమా దీన్ని వదిలేసి, చేతికి విల్లిచ్చి సరిపెట్టింది. ఈ పాత్రపై జవాబు రాసేటప్పుడు విల్లు దగ్గర కాక, గేటు దగ్గర మొదలుపెట్టండి.