అభ్యర్థి పద్దు, పార్టీ పద్దు

యాలాల్ మండలము తాండూరు శాసనసభా నియోజకవర్గములోనిది. 2023 ఎన్నికలలో అచ్చటి అభ్యర్థికి వ్యయపరిమితి 40 లక్షల రూపాయలు. ఫలితము వెలువడిన 30 దినములలో లెక్క నొప్పగింపవలెను. నియమము మంచిదే. దాని ప్రక్కనున్న సందును మాత్రము మేము సహింపజాలము. అభ్యర్థి కొరకు పార్టీ పెట్టిన ఖర్చును అతని లెక్కలోనిదే యని సుప్రీంకోర్టు 1974లో తీర్పు చెప్పగా, ఆ యేడే చట్టమును సవరించి దానిని తొలగించిరి. 2003లో ఆ సందును కొంత మూసిరి గాని, స్టార్ క్యాంపెయినర్లనబడు నాయకుల ప్రయాణములు, పార్టీ సామాన్యప్రచారము నేటికిని అభ్యర్థి పద్దునకు రావు. పార్టీకి పరిమితియే లేదు. ఇంటిపద్దులో కోడలి ఖర్చు కాసుతో సహా వ్రాసి, మామగారి ఖర్చు విడిచినచో దానిని లెక్క యందుమా? పార్టీ తాను తాండూరులో వెచ్చించిన దంతయు వేరుగా చూపవలెను. అదియు ఆ 40 లక్షలలోనే చేరవలెను.