అట్ట మీద వపా, పలక మీద హాక్నీ

వపాగా పేరుపడ్డ వడ్డాది పాపయ్యను డిజిటల్ చిత్రకారుల సరసన నిలబెడతానంటే శ్రీకాకుళంలో నవ్వుతారు. ఆయన 1992 డిసెంబరులో పోయేనాటికి శ్రీకాకుళం వైపు జిల్లాల్లో కంప్యూటరును కళ్లారా చూసినవాళ్లే తక్కువ. అయినా టాబ్లెట్ మీద బొమ్మలు వేస్తున్న ఇప్పటి మనవైపు కుర్రవాళ్లకు పెద్దదిక్కుగా ఎవరిని చూపిస్తావంటే నాకు తట్టేది ఇద్దరు. ఒకరు ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో 1937లో పుట్టి, డెబ్బై దాటాక ఐఫోను మీద వేలితో పూలు వేయడం మొదలుపెట్టిన డేవిడ్ హాక్నీ. రెండోవారు మన వపాయే. చేతిలో ఏ పనిముట్టు ఉందన్నది పక్కన పెట్టి, బొమ్మ ఎక్కడ బతకాలని వేశారో చూస్తే వీళ్లిద్దరూ దగ్గరివాళ్లు.

వపా 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో పుట్టారు. తండ్రి డ్రాయింగు మాస్టారు. అయిదేళ్ల వయసులో రవివర్మ కోదండరాముణ్ణి చూసి దించారని చెప్పుకుంటారు. అందరూ ఆ పసివాడి ప్రతిభను మెచ్చుకుని ఊరుకుంటారు కానీ, నాకు ఆసక్తి కలిగించేది ఆ చూసిన బొమ్మ. అది నూనెరంగుల మూలపటం అయ్యే వీలు లేదు, అచ్చుబొమ్మే అయి ఉండాలి. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రాలు పెట్టించాకే కదా ఆయన దేవుళ్లు ఊరూరా గోడలకెక్కారు! అంటే వపా నకలు చూసి నేర్చుకున్నారు. ఆ తర్వాత జీవితమంతా నకలు కోసమే వేశారు: చందమామ, యువ, ఆంధ్రపత్రిక, స్వాతి పత్రికలకు. హాక్నీ దారి వేరు. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో చదువు, కళ్ల ముందు అసలు పటాలున్న మ్యూజియములు, పికాసో, వాన్ గో, చైనా చుట్టచిత్రాలు. అన్నీ చూసి, అన్నీ జీర్ణించుకుని, ఆ తర్వాత యంత్రం దగ్గరికి వచ్చారు.

వచ్చినవాడు ఊరికే రాలేదు. 1986లో ఆఫీసుల్లో వాడే రంగుల ఫొటోకాపీ యంత్రం తెచ్చుకుని, ఒక్కో రంగును ఒక్కో కాగితం మీద విడిగా గీసి, ఒకే కాగితాన్ని మళ్లీమళ్లీ దూర్చి అచ్చులు తీశారు. వాటికి మూలచిత్రం లేదు. రంగులన్నీ మొదటిసారి కలుసుకున్నది యంత్రం నుంచి బయటికొచ్చిన కాగితం మీదనే. 1989 సావో పావ్లో ప్రదర్శనకు బొమ్మల్ని ఫ్యాక్సులో పంపారు. బీబీసీ వాళ్లు తెర మీద బొమ్మలు వేసే క్వాంటెల్ పెయింట్‌బాక్స్ యంత్రం ముందు కూర్చోబెడితే వెలుగుతోనే రంగులు వేస్తున్నట్టుందని పొంగిపోయారు. ఐప్యాడు 2010లో చేతికొచ్చేసరికి ఆయనకు అది కొత్త వింత కాదు, పాతికేళ్ల వెతుకులాటకు దొరికిన పలక.

ఇప్పుడు వపా బొమ్మలు అచ్చయిన ప్రెస్సు సంగతి చూద్దాం. నాలుగు రంగుల అచ్చులో చిత్రం చిత్రంగా మిగలదు. నీలం, గులాబి, పసుపు, నలుపు చుక్కలుగా విడిపోయి, కాగితం మీద మళ్లీ కలవాలి. ఒక్క రంగు వెంట్రుకవాసి జరిగితే నాయికకు మూడో కనుబొమ మొలుస్తుంది. పాత పత్రికలు దాచుకున్న ఇళ్లలో అలాంటి అట్టలు బోలెడు. వపా బొమ్మలు ఈ ప్రమాదాన్ని ముందే లెక్కలోకి తీసుకుని వేసినట్టుంటాయి. రేఖ తెగదు. రంగుకు రంగు గట్టు కట్టినట్టు ఆగుతుంది. నీడ పడాల్సిన చోట బూడిదరంగు బురద బదులు ఊదానో నీలమో వచ్చి కూర్చుంటుంది. దీన్ని అలంకార ధోరణి అని కొట్టిపారేసిన విమర్శకులు ఆ అలంకారం ప్రెస్సుకు ఎంత ఓర్చుకుందో చూడలేదు. చందమామ అట్ట ఒకటే అయినా తెలుగు, తమిళం, కన్నడం, హిందీ అంటూ అన్ని భాషల్లోకీ వెళ్లేది. ఇన్ని చేతులు మారినా చెడని బొమ్మ వేయడం చిన్న పని కాదు. హాక్నీ యంత్రాన్ని ఇంటికి తెచ్చుకుని మచ్చిక చేసుకున్నారు. వపా యంత్రం తన చేతిలో లేకపోయినా దాని గుణం తెలుసుకుని వేశారు. రెండోదే కష్టమని నా అభిప్రాయం.

చూపు దగ్గర మాత్రం ఇద్దరికీ పొంతన లేదు. హాక్నీ 2011లో యార్క్‌షైర్‌లోని వోల్డ్‌గేట్ అనే పల్లె బాట పక్కన నిలబడి వసంతం వచ్చే తీరును రోజుకొక తీరుగా ఐప్యాడు మీద గీశారు. చెట్టు అదే, మలుపు అదే, వెలుగే మారుతుంది. ఆయనకు చిత్రకళ అంటే చూడటమే, మళ్లీ చూడటమే. వపాకు చూడటం కన్నా తలచుకోవడం ముఖ్యం. కశింకోటలో స్థిరపడి, సభలకూ సన్మానాలకూ దూరంగా మసలిన ఆ మనిషి కావ్యాల్లోని నాయికల్ని, రాగాల్ని, రుతువుల్ని లోపలి నుంచి పిలుచుకున్నారు. అందుకే ఆయన వసంతం ఏ ఊరిదో చెప్పలేం. ఒప్పుకోవలసిన లోటు కూడా ఇక్కడే ఉంది. నాయికలంతా అక్కచెల్లెళ్లలా ఉంటారు. ఆ సోగకన్నులు, ఆ సన్నని నడుము పది అట్టలు వరసగా చూస్తే అలవాటైపోతాయి. నాగావళి ఒడ్డున నాట్లు వేసే మనిషి ఆ బొమ్మల్లోకి రావాలంటే ముందు నగలు పెట్టుకోవాలి. హాక్నీకి ఈ ఇబ్బంది లేదు, ఆయన ఇబ్బంది వేరు. చేతిలోని పలక మీద ముద్దొచ్చే గీతను ఎన్నో రెట్లు పెంచి 2012లో రాయల్ అకాడమీ గోడలకెక్కించారు. అంత పెద్దవయ్యాక కొన్నిటిలో చెట్ల ఆకులు రబ్బరు ముద్రలు గుద్దినట్టు తేలిపోయాయి. పుస్తకంలో చూసినా ఆ సంగతి దాగదు.

వెలుగు విషయానికొస్తే హాక్నీదే పైచేయి. తెల్లవారుజామున దీపం వేయకుండా, పక్క మీది నుంచే సూర్యోదయాన్ని ఫోనులో గీయవచ్చని ఆయన కనిపెట్టారు, ఎందుకంటే ఆ గాజుకు తన వెలుగు తనకే ఉంది. ఫోను మీద వేసిన పూలను పొద్దున్నే స్నేహితుల ఫోన్లకు పంపేవారు. వపా వెన్నెల కాగితం మీది వెన్నెల. గదిలోని వెలుతురును తాగి కొంచెం తిరిగిచ్చే సిరా అది. ఇవాళ ఆ అట్టలనే స్కాను చేసి, మెరుగు పేరుతో రంగులు పెంచి ఫోన్లలో తిప్పుతున్నారు. ఆ గాజు మీద వపా గులాబి కళ్లలో గుచ్చుకుంటుంది, ఊదా నియాను దీపమవుతుంది. అభిమానంతోనే చేస్తున్నారు, కాదనను. కానీ అది వపా రంగు కాదు.

అందరూ నకలు కోసమే వేయాలని నేననడం లేదు. అదే తరంలో, 1919లో బొబ్బిలిలో పుట్టిన అంట్యాకుల పైడిరాజు మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర చదువుకుని, విజయనగరంలో ఎందరి చేతనో కుంచె పట్టించారు. జానపద రేఖను నమ్ముకున్న ఆయన పటం ముందు మనిషి స్వయంగా నిలబడాలి. ఇక సీతంపేట కొండల సవర గిరిజనులకు ఇంటి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మ దేవతలకు విడిది. గోడ దాటితే దాని పనే మారిపోతుంది, కాగితం మీదా గుడ్డ మీదా అమ్ముడుపోయినా సరే. టాబ్లెట్ పట్టిన మన కుర్రవాడికి ఈ రెండు దారులూ ఇంటి పక్కనే ఉన్నాయి. అతను ఎంచుకున్నది మాత్రం వపా దారి, పేరు తెలిసినా తెలియకపోయినా.

చివరిగా డబ్బు మాట. హాక్నీ ఐప్యాడు బొమ్మలు ఎన్ని కావాలంటే అన్ని తీయగలిగిన ఫైళ్లు. అయినా వాటిని లెక్కపెట్టి కొన్నే అచ్చు తీసి, సంతకం పెట్టి, అంకె వేసి గ్యాలరీలు అమ్ముతాయి. నకలుకు అసలు లేదని దశాబ్దాలుగా చేసి చూపించిన మనిషి, అమ్మకం దగ్గరికొచ్చేసరికి అసలును వెనక గుమ్మం నుంచి లోపలికి రానిచ్చారు. వపాకు సిద్ధాంతమేమీ లేదు, ఉంటే చెప్పుకునే మనిషీ కాదు. కానీ ఆయన యువ అట్టకు సంతకాల ప్రతి, మామూలు ప్రతి అన్న తేడా లేదు. పత్రిక ధర పెట్టిన ప్రతివాడికీ అదే బొమ్మ అందింది. చిత్రకారుడికి దక్కాల్సింది దక్కిందా అంటే అది వేరే పంచాయితీ, ఫోన్లలో తిరిగే ఆ స్కానుల దాకా వచ్చినా అది తెగలేదు. వపా మూలచిత్రం, అచ్చయిన అట్ట రెండూ నా ముందు పెట్టి ఏది గొప్పదని అడిగితే అట్ట వైపే నా వేలు.